అందరికీ ఒకే తాళంచెవి ఇచ్చిన ఆఫీసు

నాలుగేళ్ల కిందట మానేసిన ఆఫీసుకి ఒక సాయంత్రం వెళ్లాను. అక్కడే ఉండిపోయిన పాత స్నేహితుణ్ణి కలవాలి. రిసెప్షన్‌లో కూర్చుని ఎదురుచూస్తుంటే జేబులో ఫోన్ వరసపెట్టి మోగింది. తీసి చూస్తే ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా దిగుతున్నాయి, పైన మూలలో వైఫై గుర్తు కనిపిస్తోంది. నేను ఎవరినీ పాస్‌వర్డ్ అడగలేదు. మానేసే రోజుల్లో వాడిన ఫోన్ కూడా ఇది కాదు. పాత ఫోన్ బ్యాకప్‌ని కొత్తదాంట్లోకి దింపుకున్నప్పుడు ఫొటోలతో పాటు ఆ పాస్‌వర్డూ వచ్చేసింది. నేను మరిచిపోయినా ఫోన్ మరిచిపోలేదు.

నా పని నెట్‌వర్క్‌లు కట్టడం. అందుకే అక్కడితో వదిలేయలేకపోయాను. స్నేహితుడి గదిలోకి వెళ్లాక, అతనికి చెప్పి, ఆ వైఫై మీంచి ఏమేం అందుతాయో అతని ఎదుటే చూశాను. ప్రింటర్లు పలికాయి. ఫైళ్లు దాచే సర్వర్ లాగిన్ పేజీ తెరుచుకుంది. కెమెరాల రికార్డర్ కూడా బదులిచ్చింది. అతని ముఖం మారిపోయింది.

"పాస్‌వర్డ్ మార్చొచ్చు కదరా?" అన్నాను.

"ప్రతి ఏడాదీ అనుకుంటాం. మారిస్తే ఆ రోజు రెండు వందల మందీ నా దగ్గరికే వస్తారు. ప్రింటర్లకి మార్చాలి, కెమెరాలకి మార్చాలి, మీటింగ్ రూముల్లో టీవీలకి మార్చాలి. కొన్నిటికి ఎలా మార్చాలో తెలిసినవాళ్లు మానేసి వెళ్లిపోయారు. అందుకే కదిలించలేదు."

నేను చాలాకాలంగా చెప్పాలనుకుంటున్న వాదనంతా ఆ జవాబులో ఉంది. ఆఫీసు వైర్‌లెస్ సంగతి వచ్చినప్పుడల్లా భద్రతను ఒక తక్కెడలో, విస్తరణను ఇంకో తక్కెడలో పెట్టి బేరమాడతారు. భద్రత బిగిస్తే పెరగడం కష్టమనీ, పెరగాలంటే కొంత వదులుగా ఉండక తప్పదనీ అంటారు. నేను చూసినంతలో ఆ రెండిటికీ వేరు ఒక్కటే. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి పరికరమూ ఎవరిదో, దేనికోసం వచ్చిందో నెట్‌వర్క్‌కి విడివిడిగా తెలియాలి. అది తెలిస్తే భద్రతా వస్తుంది, పెరిగే వీలూ వస్తుంది. తెలియకపోతే రెండూ పోతాయి. నా స్నేహితుడి ఆఫీసులో జరిగింది అదే. ఒకే పాస్‌వర్డ్‌కి రెండు వందల మంది అతుక్కుపోయారు కాబట్టి దాన్ని మార్చలేరు. మార్చలేరు కాబట్టి వెళ్లిపోయినవాళ్లెవరూ నిజంగా బయటికి పోలేదు.

తాళాలు మెరుగవుతూనే వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. 1997లో తొలి వైఫై ప్రమాణంతో పాటు డబ్ల్యూఈపీ అనే తాళం వచ్చింది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు దాని డొల్లతనం బయటపెట్టారు. 2004లో డబ్ల్యూపీఏ2 అనే మెరుగైన తాళం వచ్చింది. 2017లో మాతీ వాన్‌హూఫ్ క్రాక్ అనే దాడితో దానిలోనూ సందు చూపించాడు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. డబ్ల్యూపీఏ2లో ఉమ్మడి పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్కవాడి ల్యాప్‌టాప్ కనెక్ట్ అయ్యే క్షణంలో యాక్సెస్ పాయింట్‌తో, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెతో, జరిపే నాలుగు మాటల పలకరింపును పట్టుకోగలిగితే చాలు, ఆ తర్వాత గాలిలో వాళ్లు మాట్లాడుకునేదానికి వైఫై వేసిన తాళం విప్పేయగలడు. పాస్‌వర్డ్ తెలియనివాడైతే ఆ పలకరింపును రికార్డు చేసుకుని వెళ్లి, తన కంప్యూటర్ మీద తీరిగ్గా లక్షల పాస్‌వర్డ్‌లు వేసి చూసుకోగలడు. డబ్ల్యూపీఏ3 ఈ రెండు దారులూ మూసే పద్ధతి తెచ్చింది. అది పెద్ద మేలే. కానీ రిసెప్షన్‌లో కూర్చున్న నన్ను అది ఆపదు. తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి నా జేబులోనే ఉంది కదా.

దీనికి మందు కొత్తది కాదు, 2001 నుంచీ ఉంది. పేరు 802.1ఎక్స్. పాస్‌వర్డ్ అడిగే పని యాక్సెస్ పాయింట్ చేయదు. వచ్చిన పరికరాన్ని గుమ్మంలోనే నిలబెట్టి, వెనకున్న రేడియస్ సర్వర్‌ని, అంటే ఎవరిని రానివ్వాలో తేల్చే కంప్యూటర్‌ని, "ఇతను మనవాడేనా, ఎంతవరకు రానివ్వాలి?" అని అడుగుతుంది. ఉద్యోగి మానేసిన రోజు ఉద్యోగుల ఖాతాలుండే డైరెక్టరీలో అతని ఖాతా ఆపేస్తే అతని దారి మూసుకుపోతుంది, మిగతా నూట తొంభై తొమ్మిది మందికీ ఏమీ తెలియదు. ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క ల్యాప్‌టాప్ సర్టిఫికెట్‌నే, అంటే దానిలో పెట్టిన డిజిటల్ గుర్తింపు పత్రాన్నే, రద్దు చేస్తాం.

ఇక్కడ చాలామంది సగం దారిలో ఆగిపోతారు. 802.1ఎక్స్ పెట్టాం అంటారు, లోపల మాత్రం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఎక్కువ ఆఫీసుల్లో అది పీఈఏపీ అనే పద్ధతి, దాని కడుపులో పాస్‌వర్డ్‌ని సరిచూసే ఎంఎస్‌చాప్‌వీ2 అనే పాత పద్ధతి. ఈ ఎంఎస్‌చాప్‌వీ2ని విప్పడమంటే డీఈఎస్ అనే పాతకాలపు ఎన్‌క్రిప్షన్ తాళం ఒక్కదాన్ని విప్పడమేనని 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చేసి చూపించారు. డీఈఎస్ తాళం 56 బిట్లది, ఈ కాలపు యంత్రాలకు అదొక లెక్క కాదు. పైన కప్పిన టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ దుప్పటి ఒక్కటే దాన్ని కాపాడుతోంది. ఆ దుప్పటి ఎప్పుడు పనిచేస్తుందంటే, ఫోన్ తాను మాట్లాడుతున్న సర్వర్ అసలైనదో కాదో సర్టిఫికెట్ చూసి తేల్చుకున్నప్పుడు. కనెక్ట్ అవ్వాలన్న తొందరలో "సర్టిఫికెట్ చూడక్కర్లేదు" అని నొక్కమని ఉద్యోగులకు మెయిల్ పంపిన ఆఫీసులు నాకు తెలుసు. అదే పేరుతో పార్కింగ్‌లో ఒక దొంగ యాక్సెస్ పాయింట్ పెడితే ఆ ఫోన్లు దానికే అన్నీ అప్పజెప్పేస్తాయి.

పాస్‌వర్డ్ ఒక్కటే గుర్తింపైతే ఏమవుతుందో 2024 నవంబరులో వొలెక్సిటీ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన సంఘటన చెబుతుంది. దాడి 2022 ఫిబ్రవరి నాటిది. రష్యా సైనిక నిఘాకి చెందినదని చెప్పే ఏపీటీ28 అనే హ్యాకర్ల బృందం ఒక సంస్థ ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు సంపాదించింది. ఇంటర్నెట్ నుంచి లోపలికి పోదామంటే రెండో అంచె ధ్రువీకరణ అడ్డొచ్చింది. వైఫైకి మాత్రం ఆ రెండో అంచె లేదు, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ చాలు. దాడిచేసేవాళ్లు ఉన్నదేమో సముద్రాల అవతల. అప్పుడు వాళ్లు ఎదురు భవనంలోని వేరే సంస్థలోకి చొరబడి, కేబులూ వైఫై రెండూ ఉన్న కంప్యూటర్‌ని వెతికి పట్టుకుని, దాని రేడియోతో ఈ సంస్థ వైఫైకి కనెక్ట్ అయ్యారు. ఆ దారి మూసేశాక మళ్లీ వచ్చారు, ఈసారి అతిథుల వైఫై నుంచి. అతిథుల నెట్‌వర్క్‌ని వేరు చేశామనే అనుకున్నారు, కానీ అక్కడి నుంచీ ఆఫీసు నెట్‌వర్క్ నుంచీ రెండు వైపులా అందే యంత్రం ఒకటి మిగిలిపోయింది.

ఈ కథ చదివిన రోజు నుంచి "మా సిగ్నల్ గేటు దాటదు" అన్న మాట మీద నాకు నమ్మకం పోయింది. ఇప్పుడు నేను పెట్టే ప్రతిచోటా ఈఏపీ-టీఎల్‌ఎస్ కోసమే, అంటే పాస్‌వర్డ్ బదులు సర్టిఫికెట్‌తో గుర్తుపట్టే పద్ధతి కోసమే పట్టుబడతాను. పరికరంలో సర్టిఫికెట్ ఉంటుంది, దాని రహస్య తాళం ఆ పరికరంలోని చిప్‌లోంచి బయటికి రాదు, మనిషి టైపు చేసేదేమీ ఉండదు. టైపు చేయని దాన్ని ఎవరూ దొంగిలించి సముద్రం అవతలి నుంచి వాడలేరు.

ఇదంతా భద్రత సంగతి. పెరగడానికీ దీనికీ ఏమిటి సంబంధం అని అడగొచ్చు. అది చెప్పాలంటే గాలి స్వభావం కొంచెం చెప్పాలి. 1971లో హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ నడిపింది. దీవుల్లోని టెర్మినళ్లు రేడియో మీద ఒకే కంప్యూటర్‌తో మాట్లాడాలి. ఎవరికి మాటొస్తే వాళ్లు మాట్లాడేయడం, ఇద్దరి మాట ఢీకొంటే కాసేపాగి మళ్లీ చెప్పడం. ఇలా వదిలేస్తే ఛానల్, అంటే అందరూ పంచుకునే ఆ రేడియో దారి, సత్తాలో గరిష్ఠంగా 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. వైఫై అంతకన్నా మర్యాదగలది, మాట్లాడే ముందు విని, ఖాళీ అయ్యాకే నోరు తెరుస్తుంది. కానీ మూలం అదే. ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మీ ల్యాప్‌టాప్ 1200 ఎంబీపీఎస్ అని చూపిస్తే అది మీ వంతు వచ్చిన క్షణపు వేగం. మీ వంతు ఎప్పుడొస్తుందన్నది గదిలో ఇంకెందరున్నారు, వాళ్లలో నత్తనడకవాళ్లు ఎందరు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఆఫీసుకి మనుషుల్ని విడివిడిగా గుర్తుపట్టే దారి లేదనుకోండి. ఏం చేస్తారు? పేర్లు పెంచుతారు. ఉద్యోగులకొక వైఫై పేరు, అకౌంట్స్‌కి ఒకటి, డైరెక్టర్లకి ఒకటి, అతిథులకి ఒకటి, ప్రింటర్లకి ఒకటి, కెమెరాలకి ఒకటి. విడదీయడానికి వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు అదొక్కటే. కానీ ప్రతి పేరూ "నేనున్నాను" అని సెకనుకి దాదాపు పదిసార్లు కేకేస్తుంది. దాన్నే బీకన్ అంటాం, అది 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. బీకన్ 300 బైట్లదనుకుందాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో అట్టడుగు వేగం 1 ఎంబీపీఎస్‌ని అలాగే వదిలేస్తే ఒక్కో బీకన్‌కి 2.4 మిల్లీసెకన్లు పడుతుంది. ఆరు పేర్లు, ఒకే ఛానల్ మీద ఒకదానికొకటి వినిపించే మూడు యాక్సెస్ పాయింట్లు ఉంటే ప్రతి 102 మిల్లీసెకన్లలో 43 మిల్లీసెకన్లు ఈ కేకలకే పోతాయి. ఎవరూ ఒక్క ఫైలు పంపకముందే గాలిలో నలభై శాతం అయిపోయిందన్నమాట. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కకి జరుగుదామన్నా చోటు లేదు.

అదే ఆఫీసులో 802.1ఎక్స్ ఉంటే ఉద్యోగులందరికీ ఒకే పేరు చాలు. అకౌంట్స్ ఆమె కనెక్ట్ అయితే రేడియస్ సర్వర్ ఆమెను అకౌంట్స్ వీల్యాన్‌లో, అంటే లోపల విడిగా గీసిన అకౌంట్స్ నెట్‌వర్క్‌లో, పెట్టమంటుంది, డెవలపర్ వస్తే అతని వీల్యాన్‌లో. పేర్లు ఆరు నుంచి మూడుకి, ఒక్కోచోట రెండుకి దిగుతాయి. భద్రత కోసం చేసిన పని గాలిని కూడా ఖాళీ చేసింది. నేను ఒకే వేరు అన్నది దీన్నే.

ఎంత దూరం పెరగొచ్చో చూడాలంటే ఎడ్యురోమ్‌ని చూడండి. 2002 ప్రాంతంలో యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఈ ఆలోచన మొదలైంది. ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా వైఫై పేరు ఒకటే. మీరు కనెక్ట్ అయితే అక్కడి రేడియస్ సర్వర్ మీ సొంత విశ్వవిద్యాలయం సర్వర్‌ని అడుగుతుంది, అక్కడి నుంచి సరే అంటే లోపలికి వదులుతుంది. ఇవాళ వందకు పైగా దేశాల్లో నడుస్తోంది. ఒక ఉమ్మడి పాస్‌వర్డ్‌తో వంద దేశాలు ఎలా నడుస్తాయో ఊహించండి. గుర్తింపు విడివిడిగా ఉంది కాబట్టే అది ఆ మేరకు పెరిగింది.

గుర్తింపు ఒక్కటుంటే చాలని నేననడం లేదు. ఇల్లు అలకగానే పండగ కాదు. యాక్సెస్ పాయింట్లు ఎక్కడ పెట్టాలన్న లెక్క సరిగ్గా లేకపోతే సర్టిఫికెట్లున్నా జనం తిట్టుకుంటూనే ఉంటారు. ఒకచోట సిగ్నల్ బాగా రావాలని ప్రతి గదికీ ఒకటి పెట్టి, అన్నిటి పవర్ పూర్తిగా పెంచేశారు. అలా చేస్తే రెండు చెడులు. ఒకటి, అన్నీ ఒకదానికొకటి వినిపించి, ఒకటి మాట్లాడుతుంటే మిగతావి నోరు మూసుకుని కూర్చుంటాయి. రెండోది, యాక్సెస్ పాయింట్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. ఫోన్‌కి దాని మాట వినిపిస్తుంది, దానికి ఫోన్ మాట వినిపించదు. పై అంతస్తుకి వెళ్లిన మనిషి ఫోన్ కింది అంతస్తు యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడుతుంది, ఎందుకంటే ఎప్పుడు మారాలో తేల్చేది ఫోనే. అక్కడ మేం చేసిందల్లా సగానికి పైగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు ఆపేయడం, పవర్ తగ్గించడం, ఛానల్ వెడల్పు 80 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి దించడం, అట్టడుగు వేగాల్ని తీసేయడం. కొత్తగా ఒక్క పరికరం కూడా కొనలేదు, కాల్స్ తెగడం ఆగిపోయింది.

కొత్తవి కొంటామంటే మాత్రం 6 గిగాహెర్ట్జ్ ఉన్నవే కొనమంటాను, మీ దేశంలో ఆ బ్యాండు తెరిచి ఉంటే. ఆ గాలి శుభ్రంగా ఉంటుంది, పాత పరికరాల నత్తనడక అక్కడ లేదు. ఇంకో విశేషం, ఆ బ్యాండులో, వైఫై పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చే వైఫై అలయన్స్ నిబంధనల ప్రకారం, డబ్ల్యూపీఏ2కి చోటే లేదు. ఖాళీ గాలి కావాలంటే మంచి తాళం ఉండి తీరాలి.

నన్ను ఎక్కువగా విసిగించే ఇంకో అపోహ మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి పరికరం నెట్‌వర్క్‌కి చూపించే నంబరు. "మేం జాబితాలో ఉన్న మ్యాక్ అడ్రస్‌లనే రానిస్తాం" అంటారు గర్వంగా. మ్యాక్ అడ్రస్ గాలిలో బాహాటంగా పోతుంది, ఎవరైనా విని దాన్ని తగిలించుకోవచ్చు. అదలా ఉంచి, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మారు మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి. మనుషుల గోప్యతకు అది మంచిదే, దానివల్ల ఆ జాబితాలు మాత్రం చిత్తుకాగితాలయ్యాయి. అడ్రసుల దగ్గరే జరిగే ఇంకో పొరపాటు డీహెచ్‌సీపీది, అంటే వచ్చిన ప్రతి పరికరానికీ నెట్‌వర్క్ అడ్రసుని కొంతకాలానికి లీజుకిచ్చే ఏర్పాటుది. అతిథుల నెట్‌వర్క్‌కి 254 అడ్రసులిచ్చి, లీజు గడువు ఎనిమిది రోజులని వదిలేసిన చోట, మంగళవారానికల్లా అడ్రసులు అయిపోయాయి. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ రాదు. అందరూ యాక్సెస్ పాయింట్‌నే అనుమానించారు. సోమవారం వచ్చి గంట కూర్చుని వెళ్లిపోయినవాళ్లు ఎనిమిది రోజుల పాటు కుర్చీలు పట్టుకుని ఉన్నారు. లీజు రెండు గంటలకు దించి, అడ్రసుల పరిధి పెంచితే సరిపోయింది.

ఇక సర్టిఫికెట్ పట్టుకోలేని పరికరాలు ఉంటాయి. ప్రింటర్లు, కెమెరాలు, మీటింగ్ రూము తెరలు. వీటిని చూపించే చాలామంది మొత్తం ప్రయత్నాన్నే వదిలేస్తారు. వదలక్కర్లేదు. ఒకే వైఫై పేరు కింద ఒక్కో పరికరానికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చే సౌకర్యం ఆఫీసుల కోసం చేసిన వ్యవస్థల్లో చాలావాటికి ఉంది. కెమెరా పాస్‌వర్డ్ బయటపడితే ఆ కెమెరాదే మారుస్తాం. దాన్ని దాని రికార్డర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనివ్వం. ప్రింటర్‌కి అకౌంట్స్ సర్వర్‌తో పనేముంది?

నేను చెప్పే పద్ధతికి ఒక అసలైన కష్టం ఉంది, దాన్ని దాచను. సర్టిఫికెట్‌కి గడువుంటుంది. నేనే చూసుకోవలసిన ఒక నెట్‌వర్క్‌లో రేడియస్ సర్వర్ సర్టిఫికెట్ గడువు ఒక శనివారం రాత్రి ముగిసింది. సోమవారం పొద్దున ఎవరూ కనెక్ట్ కాలేకపోయారు. సాయం అడగాల్సిన హెల్ప్ డెస్క్ వాళ్లూ వైఫై మీదే ఉన్నారు. కేబుల్ వెతికి, సర్వర్ గదిలో కూర్చుని సరిచేసేసరికి రెండు గంటలు పట్టింది. రెండు వందల మంది రెండు గంటల పని నా చేతుల్లో పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి గడువు తేదీకి అరవై రోజుల ముందే ఇద్దరు వేర్వేరు మనుషులకి హెచ్చరిక వెళ్లేలా పెడతాను, రేడియస్ సర్వర్లు రెండు ఉంచుతాను, హెల్ప్ డెస్క్ బల్లల దగ్గర కేబుల్ తప్పనిసరి చేస్తాను. ఒకటి మాత్రం గమనించాను. ఆ తప్పు రెండు గంటల్లో అందరికీ కనపడింది, దిద్దుకున్నాం. ఉమ్మడి పాస్‌వర్డ్ చేసే తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ కనపడదు.

"మాది పదిమంది ఆఫీసు, మాకెందుకివన్నీ?" అని అడిగేవాళ్లకు నా జవాబు సూటిగా ఉంటుంది. పదిమందే ఉంటే డబ్ల్యూపీఏ3, పొడవైన పాస్‌వర్డ్, అతిథులకు పూర్తిగా వేరు చేసిన నెట్‌వర్క్ చాలు. కానీ మారాల్సిన సమయాన్ని తలల లెక్కతో కొలవకండి. మొదటి మనిషి మానేసి వెళ్లిన రోజు మీరు పాస్‌వర్డ్ మార్చగలిగారా? మార్చగలిగితే ఇంకొంత కాలం ఆగొచ్చు. "ఇప్పుడెందుకులే" అనిపిస్తే మీరు మారాల్సిన రోజు వచ్చేసింది. సొంతంగా రేడియస్ సర్వర్ నడపలేకపోతే దాన్ని క్లౌడ్‌లో నడిపిపెట్టేవాళ్లున్నారు.

నా స్నేహితుడు చివరికి మార్చాడు. ఆ సాయంత్రం తర్వాత ఆరు నెలలు పట్టింది. మొదట పరికరాల్ని లెక్కపెట్టాం, తను అనుకున్నదానికి రెట్టింపు తేలాయి. పాత వైఫై పేరుని కదిలించకుండా పక్కన కొత్తది పెట్టాం. ల్యాప్‌టాప్‌లకి సర్టిఫికెట్లు పరికరాల్ని దూరం నుంచే సర్దే మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ ద్వారా వాటంతటవే వెళ్లాయి, అంతస్తు తర్వాత అంతస్తు మారాయి. అతను భయపడినట్టు రెండు వందల మంది అతని బల్ల దగ్గరికి రాలేదు, చాలామందికి తాము మారిన సంగతే తెలియలేదు. పాత పేరు ఆపే తేదీని మూడు నెలల ముందే రాసి గోడకి అంటించాడు, ఆ తేదీని ఒక్కసారి కూడా వాయిదా వెయ్యలేదు. అతని మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

ఆ తేదీకి ముందు రోజు ఇద్దరం కూర్చుని పాత నెట్‌వర్క్ మీద ఇంకా మిగిలినవేమిటో చూశాం. ఇరవై మూడు ఉన్నాయి. రెండో అంతస్తు ప్రింటర్, లిఫ్ట్ పక్క తెర, ఎవరో సొరుగులో పెట్టి మరిచిపోయిన టాబ్లెట్, ఇలా ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకున్నాం. ఇరవై రెండు దొరికాయి. ఇరవై మూడోది రోజూ రాత్రి పదకొండు తర్వాత కనెక్ట్ అవుతోంది, తెల్లవారుజామున వెళ్లిపోతోంది. సిగ్నల్‌ని బట్టి చూస్తే వెనక గోడ వైపు. అటు వెళ్లి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మర్నాడు పాత పేరు ఆపేశాం. ఇరవై రెండు పరికరాల్లో మేం సరిగ్గా మార్చని రెండిటి గురించి ఫోన్లు వచ్చాయి. ఆ ఇరవై మూడోదాని గురించి ఎవరూ అడగలేదు.